పొన్నపాలెం సంఘానికి ఆరోగ్య పరీక్ష

పొన్నపాలెం సీయోను క్రైస్తవ సంఘానికి ఏ జబ్బూ లేదని అరవై రెండేళ్ళుగా అందరూ అనుకుంటూ వచ్చారు. రత్నానందం మాస్టారు రాజమండ్రిలో మూడు రోజుల సదస్సుకి వెళ్ళి వచ్చాకగాని అసలు సంగతి బయటపడలేదు.

మాస్టారు సంఘ కమిటీకి ప్రెసిడెంటు. మామిడికుదురు మండలంలో ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. మార్కులు వెయ్యడానికి వీల్లేనిది ఏదైనా ఉంటే అది ఆయన దృష్టిలో లోకంలో లేనట్టే. సదస్సులో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కోటు వేసుకుని, తెర మీద బొమ్మలు చూపిస్తూ, మనిషికి బీపీ, షుగరు చూసుకున్నట్టే సంఘానికీ ఏడాదికోసారి పరీక్ష చేయించాలని చెప్పారు. ఆ పరీక్షకి ఒక పుస్తకం ఉంది. నలభై ప్రశ్నలు, వంద మార్కులు. ఆగస్టు మూడో ఆదివారం సంఘాల సమాఖ్య నుంచి ఒక బృందం తనిఖీకి వస్తుందని, జిల్లాలోకెల్లా ఆరోగ్యంగా ఉన్న సంఘానికి షీల్డు ఇస్తారని కూడా చెప్పారు. షీల్డు అన్న మాట వినగానే మాస్టారికి ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసూ ఒక్కసారి ఒంట్లోకి తిరిగొచ్చింది.

వచ్చిన మర్నాడే కమిటీ మీటింగు పెట్టారు. కృపావరం అయ్యగారు వచ్చారు. ఆయన ఆ సంఘానికి ఇరవై ఏళ్ళుగా కాపరి. ఎవరేమన్నా "అలాగేనండి" అనడం ఆయన స్వభావం. పక్కనున్న నగరం అనే ఊళ్ళో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్న సెక్రటరీ నాగబాబు వచ్చాడు. స్త్రీల తరఫున బుల్లెమ్మ వచ్చింది.

"మొదటి ప్రశ్న," అన్నారు మాస్టారు కళ్ళజోడు సర్దుకుని. "మీ సంఘానికి దర్శనం ఉన్నదా? ఉంటే ఒక వాక్యంలో రాయుము."

"నాకోపాలి వచ్చిందండి," అంది బుల్లెమ్మ. "డెంగీ జొరంలో. పేద్ద వెలుగండి."

"అది కాదు బుల్లెమ్మా. ఇది సంఘానికి రావాల్సిన దర్శనం."

"సంఘం మొత్తానికి జొరం రాలేదు కదండీ."

నాగబాబు తన ఫోనులో వెతికి ఏదో అమెరికా సంఘం దర్శనాన్ని తెలుగులోకి మార్చి చదివాడు. "ఉత్సాహభరితమైన సముదాయాలను గుణించుట." ఎవరికీ అర్థం కాలేదు. అందువల్ల బాగుందని తీర్మానించారు. మూడు మార్కులు.

అలా నలభై ప్రశ్నలకీ ఏర్పాట్లు జరిగాయి. స్వాగత బృందం ఉన్నదా అని పుస్తకం అడిగింది. అంతవరకూ గుడికి వచ్చినవాళ్ళని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని, "ఏంటొదినా, చిక్కిపోయేవు?" అని పలకరించేవారు. ఇప్పుడు గేటు దగ్గర ఇద్దరు మనుషులు భుజం మీంచి నీలం పట్టీ వేసుకుని నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకే నవ్వు నవ్వడం మొదలెట్టారు. హాజరు పట్టీ ఉన్నదా అని అడిగింది. మాస్టారు బళ్ళో వాడినలాంటి పెద్ద రిజిస్టరు తెచ్చి తొంభై ఆరు కుటుంబాల పేర్లూ తన గుండ్రటి అక్షరాలతో రాశారు. రానివాళ్ళకి ఎర్ర సిరాతో సున్నా. నేలకి తెల్లటి టైల్స్ కూడా వేశారు. అది పుస్తకం అడగలేదు గాని, అడిగితే బాగుండునని మాస్టారికి అనిపించింది.

ఇరవై రెండో ప్రశ్న దగ్గర బుల్లెమ్మకి చిక్కొచ్చింది. సంఘంలో చిన్న గుంపులు ఉన్నవా?

"ఉందండి," అంది బుల్లెమ్మ. "మా బుధారం కూడిక."

ఆ కూడిక ప్రతి బుధవారం మధ్యాహ్నం మూడింటికి ఆమె ఇంటి అరుగు మీద జరిగేది. ఇరవై, పాతికమంది ఆడవాళ్ళు చేరి కొబ్బరి ఈనెలు చీరుకుంటూ, చీపుళ్ళు కట్టుకుంటూ కూర్చునేవారు. ఒకరు పాట ఎత్తుకునేవారు. ఒకరు ప్రార్థన చేసేవారు. మధ్యలో ఎవరింట్లో ఎవరికి బాగోలేదు, ఎవరి కూతురు మస్కట్ నుంచి ఫోను చెయ్యలేదు, ఎవరు రెండ్రోజులుగా పొయ్యి వెలిగించలేదు అన్నీ తేలిపోయేవి. కూడిక అయ్యాక అటునుంచటే నలుగురు ఆ ఇళ్ళకి వెళ్ళేవారు.

"దానికి మినిట్స్ రాస్తున్నారా?" అడిగారు మాస్టారు.

"మినిట్లేంటండి, మూడు గంటలు కూచుంటాం."

"నాయకుడెవరు? అంశం ఏమిటి? ఎన్నింటికి ముగిస్తారు?"

"చీకటడితే ముగిసిపోద్దండి."

మాస్టారు పుస్తకం మూసి, జాలిగా నవ్వారు. ఆ బుధవారంతో ఆ కూడిక రద్దయింది. ఊరిని ఎనిమిది గుంపులు చేశారు. ప్రతి గుంపుకీ ఒక నాయకుడు, ఒక ఫైలు. ఎవరి గుంపు మంచిచెడ్డలు వాళ్ళే చూసుకోవాలి, ఒక గుంపువాళ్ళు ఇంకో గుంపులో వేలు పెట్టకూడదు. బుల్లెమ్మ నాలుగో గుంపులో పడింది. ఏటి అవతల పొన్నలంకలో ఉండే కుటుంబాలన్నీ ఏడో గుంపు. దానికి నాయకుడు నాగబాబు. నాగబాబు ఏడో గుంపుని ఎంతో శ్రద్ధగా చూసుకున్నాడు. రోజూ పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మ మీద ఒక మంచి మాట రాసి అందరికీ వాట్సాప్‌లో పంపేవాడు. నెలాఖరున ఫైల్లో "అంతా బాగున్నారు" అని రాసేవాడు.

ఆ ఏడో గుంపులో ముత్యాలు ఒకడు. డెబ్భై ఏళ్ళవాడు. మొన్నమొన్నటిదాకా కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. అయ్యగారు వాక్యం చెబుతుంటే ముత్యాలు ఉన్నట్టుండి "స్తోత్రం!" అని గట్టిగా అరిచేవాడు. అది ఎప్పుడూ అరవాల్సిన చోట అరిచేవాడు కాదు. అయ్యగారు పాపుల గతి చెప్పి ఊపిరి తీసుకుంటున్నప్పుడు స్తోత్రం. కరెంటు పోయినప్పుడు స్తోత్రం. ఆరాధన అంతరాయం లేకుండా సాగుచున్నదా అన్నది ముప్ఫై ఒకటో ప్రశ్న. అందుకని స్వాగత బృందం ముత్యాలుని గుమ్మం బయట వరండాలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. నవ్వుతూనే కూర్చోబెట్టింది. రెండు ఆదివారాలు కూర్చున్నాడు. తర్వాత రాలేదు. రిజిస్టర్లో అతని పేరు పక్కన వరసగా అయిదు ఎర్ర సున్నాలు పడ్డాయి. మాస్టారు వాటిని చాలా అందంగా చుట్టారు.

ఆగస్టు మూడో వారం వచ్చింది. దాంతో పాటు గోదారి కూడా వచ్చింది.

శుక్రవారం ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. శనివారం మధ్యాహ్నానికి పొన్నలంక కాజ్‌వే మీద మనిషి లోతు నీళ్ళు. లంకవాళ్ళు సామాన్లు, పిల్లలు, మేకలతో నాటు పడవల్లో ఇవతలి గట్టుకి చేరడం మొదలైంది. బడి ఆవరణలోకి అప్పటికే నీళ్ళొచ్చేశాయి. ఊళ్ళో మిట్ట మీద ఉన్నది సీయోను గుడి ఒక్కటే. ఆ గుడికి పెద్ద తాళం వేసి ఉంది. తెల్లారితే తనిఖీ కాబట్టి టైల్స్ మీద అడుగుల మచ్చలు పడకూడదని మాస్టారు స్వయంగా వేయించి, తాళంచెవి నాగబాబుకిచ్చారు.

బుల్లెమ్మ గట్టు మీద వాన్లో తడుస్తున్న జనాన్ని చూసి నాగబాబు ఇంటికి పరుగెత్తింది.

"తాళమియ్యి బాబూ. పసిపిల్లలున్నారు."

"మాస్టారు రేపు తనిఖీకి తియ్యమన్నారు పిన్నీ."

"రేపటికి గోదారే తీసేత్తది, మనం తియ్యక్కర్లేదు."

నాగబాబు మాస్టారికి ఫోను చేశాడు. వానకి టవరు పనిచెయ్యలేదు. ప్రెసిడెంటు అనుమతి లేకుండా తాళంచెవి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవన్నాడు. నిబంధనలు అతనే నెల కిందట టైపు చేశాడు.

బుల్లెమ్మ అయ్యగారి ఇంటికెళ్ళింది. కృపావరం అయ్యగారు సంగతంతా విన్నారు. ఇరవై ఏళ్ళలో కమిటీ మాటకి ఆయన ఎదురు చెప్పింది లేదు. "తాళంచెవి నా దగ్గర లేదమ్మా," అన్నారు. తర్వాత గొడుగు తీసుకుని, "వెనక తలుపు గడియ పదేళ్ళుగా పడటం లేదు. బాగుచేయించమని నేను రాసిన కాగితం ఇంకా కమిటీ ముందే ఉంది. పదండి," అన్నారు.

అలా కమిటీ జాప్యం మూలంగా సుమారు రెండు వందలమంది తడవకుండా బతికిపోయారు.

లంకవాళ్ళలో సగానికి పైగా సంఘంవాళ్ళు కారు, శెట్టిబలిజ, కాపు కుటుంబాలవాళ్ళు. వాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలికి రావచ్చో లేదో అని నిలబడిపోయారు. అయ్యగారు చేతులూపి లోపలికి పిలిచారు. అందరికన్నా వెనక గంగరాజు వచ్చాడు. అతను లంకలో కౌలుకి దొండపాదు వేసుకునే రైతు. వీపు మీద ఒక ముసలి మనిషిని మోసుకొస్తున్నాడు. దింపి చాప మీద పడుకోబెట్టాక బుల్లెమ్మ ముఖం చూసింది. ముత్యాలు. ఎముకల పోగులా ఉన్నాడు.

"ఏమైంది మావా నీకు?"

"నెలయ్యిందండి," అన్నాడు గంగరాజు. "దొడ్లో జారి పడ్డాడు. తుంటి విరిగింది. లేవలేడు. మా ఆడోళ్ళు గంజీ అదీ పోత్తన్నారు. మీ గుడోళ్ళెవరన్నా వత్తారేమోనని రోజూ రేవుకేసి చూసేవోడండి, ఆయ్."

 బుల్లెమ్మ ముత్యాలు పక్కన చతికిలబడి అతని కాళ్ళ మీద చెయ్యి వేసింది. "నాది నాలుగో గుంపు మావా," అంది. "నువ్వు ఏడో గుంపని... ఆళ్ళు చూత్తారులే అనుకున్నాను. బుధారం కూడికుంటే తెలిసేది. లేకపోయినా నేను రావాల్సింది. రాలేదు. తప్పు నాదే."

"గుంపులేంటే?" అన్నాడు ముత్యాలు. అతనికి తాను ఏడో గుంపులో ఉన్నట్టే తెలియదు.

మాస్టారు మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చేసరికి, ఇంకా వెలుతురుంది. ఫ్యాను కొక్కేలకి చీరల ఉయ్యాలలు వేలాడుతున్నాయి. తెల్లటి టైల్స్ ఏ రంగులో ఉన్నాయో చెప్పలేం. స్వాగత ద్వారానికి రెండు గేదెలు కట్టేసి ఉన్నాయి. అవి రెండూ వచ్చినవాళ్ళని నిజమైన ఆసక్తితో చూస్తున్నాయి. కిటికీ గూట్లో ఎవరో తువ్వాలు పరిచి గ్రామదేవత సత్తెమ్మ తల్లి పటం పెట్టారు.

 మాస్టారు పటం వైపు వేలు చూపించారు.

"గంగరాజు పెళ్ళాం తెచ్చుకుందండి," అంది బుల్లెమ్మ. "ఆవిడిల్లూ మునిగిపోయింది కదండీ. ఎక్కడ పెట్టుకుంటది?"

మాస్టారు అయ్యగారి వైపు తిరిగారు. అయ్యగారు జన్మలో మొదటిసారి "అలాగేనండి" అనలేదు. అన్నం ఉడుకుతున్న గుండిగ కింద కొబ్బరి డొక్కలు ఎగదోస్తూ ఉండిపోయారు.

ఏం చెయ్యాలో తోచక మాస్టారు చంకలోని రిజిస్టరు తెరిచారు. మనిషికి అలవాటైన పని చేతికి తగిలితే ప్రాణం కుదుటపడుతుంది. వెనక పేజీలో ఇంటింటికీ పేరు రాసుకోవడం మొదలెట్టారు. ఇల్లెవరిది, మనుషులెందరు, వచ్చిందెవరు. జనం అటూ ఇటూ తిరుగుతుంటే "కూర్చోండి!" అని హెడ్మాస్టరు గొంతుతో అరిచారు. రెండు వందలమందీ టక్కున కూర్చున్నారు. వాళ్ళలో నలభై మంది ఆయన దగ్గర బెంచీ ఎక్కి నిలబడ్డవాళ్ళే. పేర్లు పిలుస్తూ పోతే చివరకి ఒక ఇల్లు తగ్గింది. లంక చివర ఉండే విజయదుర్గ, ఆమె మూడు నెలల పిల్ల. మొగుడు ఖతర్లో ఉన్నాడు. అందరూ ఆమె ఇంకో పడవలో వచ్చిందనుకున్నారు. గంగరాజూ ఇంకొకతనూ వెంటనే పడవ వేసుకుని వెళ్ళి, పూర్తిగా చీకటి పడకముందే, కప్పు మీద కూర్చున్న ఆ తల్లినీ బిడ్డనీ తీసుకొచ్చారు. హాజరు పట్టీ వల్ల ఒక మేలు జరిగిందని ఒప్పుకోవాలి. అంతవరకూ దానివల్ల జరిగింది అయిదు ఎర్ర సున్నాలే.

ఆ సున్నాలు మాస్టారు కూడా ఆ సాయంత్రమే చూసుకున్నారు. మొదటి పేజీలో ముత్యాలు పేరు, చాప మీద ముత్యాలు. రెండింటినీ మార్చి మార్చి చూశారు.  నాగబాబుని పిలిచి, ఏడో గుంపు ఫైలు తెమ్మన్నారు. "అంతా బాగున్నారు" అన్న మాట చదివి, ఫైలు అతని చేతిలోనే పెట్టారు. దాన్నిండా ప్రెసిడెంటుగా పెట్టిన సంతకాలు తనవే.

ఆదివారం పది గంటలకి తనిఖీ బృందం ట్రాక్టరు ఎక్కి వచ్చింది. ముగ్గురు. వాళ్ళ పెద్ద పేరు ప్రభుదాసు గారు. సంఘాల ఎదుగుదల మీద డాక్టరేటు చేసినాయన. బూట్లు చేత్తో పట్టుకుని మెట్లెక్కారు.

"ఆరాధన ఎన్ని గంటలకండీ?"

"అన్నం వార్చాక అండి," అంది బుల్లెమ్మ గరిటె దించకుండానే.

ఆరాధన అన్నం వార్చాకే జరిగింది. కరెంటు లేదు గనక మైకు లేదు. అయ్యగారు అందరి మధ్యా నిలబడి, "నిన్న మధ్యాహ్నం ఈ గుడికి తాళం వేసి ఉంది," అని మొదలుపెట్టారు.

"స్తోత్రం!" అన్నాడు ముత్యాలు చాప మీంచి.

అందరూ నవ్వారు. గంగరాజు పెళ్ళాం కూడా నవ్వింది. మాస్టారు నవ్వలేదు గాని, ముత్యాలుని వరండాలోకి తీసుకెళ్ళమనీ అనలేదు.

తర్వాత ప్రభుదాసు గారు ఫారం తీసి ప్రశ్నలు వేశారు. "కొత్తగా వచ్చినవారు ఎందరు?"

"నూట ఇరవై ఆరు," అన్నారు మాస్టారు.

బృందంలో మిగతా ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. జిల్లాలో అది రికార్డు. "వీరు మళ్ళీ వచ్చే అవకాశం ఉందా?"

"వరదొస్తే వస్తామండి, ఆయ్," అన్నాడు గంగరాజు వినయంగా.

ప్రభుదాసు గారు దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక వదిలేశారు. అలా వెళ్ళి వెళ్ళి ఒక ప్రశ్న దగ్గర ఆగారు. "గైర్హాజరైన సభ్యులను రెండు వారాల్లోగా వెళ్ళి చూస్తున్నారా? మీరు ముందుగా పంపిన కాగితంలో అవునని రాశారు. అవునే కదండీ?"

నాగబాబు దగ్గాడు. మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"కాదండి," అన్నారు. "చూడటం లేదు. అది తప్పు రాశాం. నేనే రాశాను."

"ఇది పెద్ద ప్రశ్నండి మాస్టారూ. ఆరు మార్కులు పోతాయి."

"పోవాలి కదండీ మరి. కొట్టెయ్యండి." ముప్ఫై నాలుగేళ్ళలో ఎవరికీ ఒక్క మార్కు ఊరికే ఇవ్వని మనిషి, తనకీ ఊరికే ఇవ్వనివ్వలేదు.

నెల తర్వాత సమాఖ్య నుంచి ఉత్తరం వచ్చింది. వందకి ముప్ఫై ఎనిమిది. ఆరాధన క్రమం లోపించిందనీ, వాహనాలు నిలిపే చోట పశువులు ఉన్నాయనీ, సంఘ దర్శనం గురించి అడిగితే సభ్యులు జ్వరాల గురించి చెప్పారనీ కింద రాశారు. షీల్డు ఒక పట్టణ సంఘానికి వెళ్ళింది. అక్కడ గోడంత ఎల్‌ఈడీ తెర ఉందట. వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన అవసరమే ఉండదట.

ఆ ఉత్తరం వచ్చేనాటికి పొన్నపాలెంలో ఎవరికీ దాన్ని చదివే తీరిక లేదు. వరద తీశాక లంక నిండా బురద. సంఘంవాళ్ళు, కానివాళ్ళు కలిసి ఇల్లిల్లూ కడిగారు. గుంపులు ఎత్తేస్తున్నామని ఎవరూ ప్రకటించలేదు. ఫైళ్ళన్నీ నీళ్ళకి ముద్దయిపోయాయి, అంతే. బుధవారం కూడిక మళ్ళీ మొదలైంది, ఈసారి గుడి వెనక గదిలో, ముత్యాలు మంచం చుట్టూ. మాస్టారు రెండో బుధవారం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఎవరో ఆయన చేతిలో ఒక కొబ్బరాకు, కత్తి పెట్టారు. ఆయన చీరిన ఈనెలు పొట్టిగా, వంకరగా వచ్చాయి. బుల్లెమ్మ వాటిని ఒక్కొక్కటే తీసి పక్కన పడేసింది. నాగబాబు మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి ముత్యాలుకి కాళ్ళు కడిగి, గులాబీ పువ్వు మీది మంచి మాట చదివి వినిపిస్తున్నాడు. ముత్యాలు దాన్ని ఓర్చుకుంటున్నాడు.

ముత్యాలుని చూసిన డాక్టరు తుంటి ఆపరేషను చెయ్యాలన్నాడు. అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళే వంతు మాస్టారికి వచ్చింది. ఆ రోజే రాజమండ్రిలో ఇంకో సదస్సు. మాస్టారు రాలేనని ఫోను చేసి చెప్పారు. ఆటోలో దారి పొడుగునా గోతులొచ్చినప్పుడల్లా ముత్యాలు నడుం కింద చెయ్యి పెట్టి పట్టుకున్నారు.

ఆస్పత్రిలో భవాని అనే నర్సు కాగితాలు నింపుతూ అడిగింది. "మీరు ఈయనకి ఏమవుతారండీ?"

"మేమిద్దరం ఒకే సంఘం అమ్మా."

"డ్వాక్రా సంఘమా అండి? మగవాళ్ళకి కూడా పెట్టేరా?"

"అది కాదమ్మా, ఇది..." అని మాస్టారు వివరించబోయారు. వెనక లైను పెరిగిపోతోంది. ఆ అమ్మాయి ఆగలేదు. "అన్నగారు అని రాసేస్తున్నానండి," అంది.

"తమ్ముడని రాయమ్మా," అన్నాడు ముత్యాలు స్ట్రెచర్ మీంచి. "నాకన్నా చిన్నోడు."